గుట్ట దిగేటప్పుడు పలకొద్దు

ఇంగ్లీషులో ‘డౌన్’ అనే మాట గుట్ట నుంచే పుట్టిందని మా బడిలో ఇంగ్లీషు మాస్టారు చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. గుట్టంటే పైకి గదా, కిందికి ఎట్లయితదని! పూర్వం వాళ్ల భాషలో ‘డూన్’ అంటే గుట్టట. ‘గుట్ట మీది నుంచి’ అనే మాట జనం నోళ్లలో అరిగీ అరిగీ ‘కిందికి’ అయి కూర్చుందట. నేను మాత్రం నవ్వలేదు. నాకు ఒళ్లు జలదరించింది.

అంతకు కొన్నేళ్ల ముందు సీతాఫలాల కోసం మా ఊరి వెనక గుట్ట ఎక్కాం. అవ్వ, అమ్మ, అమ్మ చెల్లెలు చిన్నమ్మ, నేను. చిన్నమ్మ కడుపుతో ఉంది. వద్దంటే వినే రకమా ఆమె! పొద్దు వాలకముందే గంపలు నిండాయి.

మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. గుట్ట దిగేటప్పుడు వెనక నుంచి ఎవరు పిలిచినా పలకకూడదు, తిరిగి చూడకూడదు. కింద పోచమ్మ రాయి దాటాకే నోరు విప్పాలి. గుట్ట మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని నమ్మకం.

చిన్నమ్మ మా వెనకే దిగుతోందనుకున్నాం. సగం దారిలో ఆమె గొంతు వినబడింది.

“అక్కా, జర ఆగే!”

అమ్మ ఆగబోయింది. అవ్వ మాట్లాడకుండా ఆమె రెక్క పట్టి గుంజింది.

“అక్కా, పడిపోయిన. రాయే!” ఈసారి ఏడుపు గొంతు.

అమ్మ కళ్లనీళ్లు కారుతున్నా నడుస్తూనే ఉంది. ఏం కట్టుబాటో ఏమో, తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

రాయి దాటగానే అమ్మ గంప పారేసి వెనక్కి తిరిగింది. దారిలో ఎవరూ లేరు. “చెల్లే!” అని అరిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. “ఆగు బిడ్డా, మగోళ్లను పిలుద్దాం” అని అవ్వ అంటున్నా వినకుండా పైకి పరుగెత్తింది. మేమూ వెంటపడ్డాం.

చిన్నమ్మ గుట్ట నెత్తినే ఉంది. అసలు దిగనేలేదు. రెండు బండల సందున కాలు ఇరుక్కొని, చెవులు మూసుకొని కూర్చుంది. అమ్మ ముట్టుకుంటే కెవ్వుమంది.

“తప్పయిందే చెల్లే! నువ్వు పిలుస్తుంటే ఇని గూడ ఆగలే,” అని అమ్మ భోరుమంది.

చిన్నమ్మ అమ్మ మొహం తడిమి తడిమి చూసింది.

“నేనెప్పుడు పిలిచిన? నువ్వే గదా అక్కా, ఇందాకటి సంది ఇనలేనంత ఏడ్చుకుంట పిలుస్తున్నవు, అగో, ఆడికెల్లి,” అంటూ గుట్ట అవతలి అంచు చూపించింది. అక్కడ నిలువు బండ, దాని కింద పాతాళం. “నీ దిక్కే వస్తుంటే కాలు ఇరికింది. లేకుంటే వచ్చేదాన్నే.”