గేటు బయట పిన్ని

మొన్న ఎల్.బి.నగర్‌లో కిరాయి ఇల్లు చూడడానికి వెళ్లాను. ఓనరమ్మ షరతులన్నీ నవ్వుతూనే చెప్పింది. గోడలకు మేకులు కొట్టొద్దు, చుట్టాలు ఎక్కువ రోజులు ఉండొద్దు. చివరిది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. "ఏమనుకోకుండ్రి, ఇంట్ల ఎవరికన్నా ఏమన్నయితే శవాన్ని లోపలికి తేవద్దు." సరేనన్నాను. బాధేమీ కలగలేదు. మా బాబాయి గుర్తొచ్చాడు, అంతే.

బాబాయి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు రాజ్యాంగం చెప్పేవాడు. ఇంట్లోనూ అదే గోల. కూరలో ఉప్పు తక్కువైందని ఆయనంటే, వంటింట్లో భావప్రకటన స్వేచ్ఛ లేదని పిన్ని నోరు మూయించేది. ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటుండేది. "రాజ్యాంగం మనకు హక్కులు ఇయ్యలే. మనిషిని మనిషి లెక్క చూసుడు దానికన్నా ముందే ఉన్నది. దాన్నే సహజ చట్టం అంటరు. రాజ్యాంగం దాన్ని ఒప్పుకొని రాసుకున్నది, గంతే." ఇది పరీక్షలో రాదు సార్ అని పిల్లలు గొణిగినా వినేవాడు కాదు.

పిన్ని దవాఖానలో పోయింది. సైదాబాద్‌లో వాళ్లు ఏళ్ల తరబడి ఉంటున్న కిరాయి ఇంటి ముందు అంబులెన్స్ ఆగేసరికి, ఓనరమ్మ గేటు మూసి అడ్డంగా నిలబడింది. దవాఖానకు రోజూ జావ కాచి పంపిన మనిషే. వెక్కి వెక్కి ఏడుస్తోంది, గేటు మాత్రం వదలడం లేదు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. అక్క నాకు తోడబుట్టినట్టే. గానీ పీనుగ లోపలికొస్తే మేము ఇల్లు ఇడిచిపెట్టి పోవాలెనంటరు. నాకు పిల్లలున్నరు."

బాబాయి కూతురు లా చదువుతోంది, ఊరుకోలేదు. "కిరాయి కడుతున్నం నాయినా, గిది మన ఇల్లు. చట్టం మన దిక్కే ఉన్నది. పోలీసులను పిలుస్త."

బాబాయి ఆమె చేతిలోని ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. "మన దిక్కే ఉన్నది బిడ్డా. గానీ అది వచ్చేదాక మీ అమ్మను ఎండల ఉంచుదామా?"

రోడ్డు పక్కనే టెంటు వేయించాం. ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టి పిన్నికి స్నానం చేయించారు. అవతల స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. స్నానానికి వేడినీళ్లు ఓనరమ్మే లోపల కాచి, బిందెలతో మోసుకొచ్చింది. నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. టెంటు తాడు ఎవరి కాలికైనా తగులుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.

కర్మకాండలయ్యాక బాబాయి మళ్లీ క్లాసులకు వెళ్లాడు. ఆ పాఠం మాత్రం మానేశాడు. పరీక్షలో రానిది కాబట్టి పిల్లలెవరూ అడగలేదు.

గేటు దగ్గర పట్టుబట్టి కోర్టు దాకా వెళ్లి ఉంటే, ఎప్పటికైనా గెలిచేవాళ్లమే. పిన్నికి ఆ ఒక్క మధ్యాహ్నమే ఉండింది.