భుజం మీది చెయ్యి

దయ్యాలున్నాయనే వాళ్లతో చిన్నప్పటి నుంచీ తగువు పడేవాణ్ణి. ఇప్పటికీ పడతాను. అందుకే నాకు జరిగింది చెప్పాలంటే నా మీద నాకే విసుగు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా ఊరు ఆలూరు దగ్గర. నాన్న నా పసితనంలోనే పోతే చిన్నాయన నన్ను పెంచాడు. ఆయనకు రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. కర్నూలు పోయి ఆపరేషన్ చేయించుకుందామని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. "కంట్లో కత్తి పెట్టనిచ్చేంత తిక్కోణ్ణి కాదురా" అనేవాడు.

ఊరి పక్కన జింకల కోసం అడవి శాఖ వాళ్లు ముళ్లతీగ చుట్టి కాపలా పెట్టిన చిన్న అడవి ఉండేది. మేము కంచె అనేవాళ్లం. తుమ్మచెట్లు, బందారు పొదలు, ఒక మూల నీటికుంట. తీగ వెంబడి కాలిబాట. రోజూ తెల్లవారాక చిన్నాయనను దాని చుట్టూ నడిపించేవాణ్ణి. బాట ఇరుకు, అటూ ఇటూ ముళ్లు. నేను ముందు, నా కుడి భుజం మీద చెయ్యి వేసి ఆయన వెనక.

ఆ రోజు బయలుదేరేటప్పుడే ఆపరేషన్ గురించి మాటా మాటా పెరిగింది. కంచె గేటు దగ్గర బాట పట్టి నాలుగడుగులు వేశామో లేదో, భుజం మీది చెయ్యి తొలగింది. వెంటనే మళ్లీ పడింది. పంచె సర్దుకున్నాడేమో అనుకున్నాను.

ఎదురుగాలి చెవుల్లో హోరుమంటోంది. నడిచినంతసేపూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి ఆ రోజు నోరు విప్పలేదు. కోపమనుకున్నాను. ముళ్ల మధ్య తప్పించుకుని ఎక్కడికీ పోలేడు కదా అని నేనే అందుకున్నాను. పక్క ఊళ్లో ఒకాయనకు చూపు వచ్చిన సంగతి చెప్పాను. చిన్నమ్మ ఎంత దిగులు పడుతోందో చెప్పాను.

కుంట దాటాక బాటకు అడ్డంగా ఒక బండరాయి ఉంటుంది. "రాయి, చిన్నాయనా" అన్నాను. చెయ్యి బరువు కాస్త పెరిగి, దాటాక తగ్గింది. రోజూ అంతే.

చివరికి విసిగిపోయాను. "కర్నూలుకు వస్తావా, రావా? ఏదో ఒకటి చెప్పు."

చెయ్యి నా భుజాన్ని మెల్లగా నొక్కింది.

ఒప్పుకున్నాడనుకున్నాను. ఎన్నాళ్లుగానో పడుతున్న బాధ తీరినట్టయింది. అదే సంతోషంతో మలుపు తిరిగాను. ఎదురుగా గేటు. దాని పక్కన రాతి మీద, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని చిన్నాయన కూర్చుని ఉన్నాడు.

భుజం తేలికయింది. గిర్రున వెనక్కి తిరిగాను. బాట ఖాళీ.

నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆయన మండిపడ్డాడు. "నన్ను ఈడ ఇడ్సిపెట్టి యాడికి పోయినావురా? చెప్పు తెగిందని అరుస్తాంటే వినకుండా పోతివి!"

"నువ్వు నాతోనే వస్తివి కదా చిన్నాయనా. ఇద్దరం చుట్టూ తిరిగినాం."

"గుడ్డోణ్ణని ఆట పట్టిస్తాండావా?"

ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. అంతలో కుంట వైపు నుంచి కాపలా హుసేన్ సాబు వచ్చాడు. చిన్నాయనను చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, చిన్నాయన ఈడనే ఉండాడే! మరి కుంటకాడ నీ భుజం పట్టుకోని వస్తాండిన పెద్దాయన ఎవురు?"

"నువ్వు చూస్తివా సాబూ? మొగం ఎట్లుండె?"

"నేను శానా దూరంలో ఉంటి. తలకు తువ్వాల చుట్టుకోనుండె. చిన్నాయనే అనుకుంటి."

నేనెంత గుచ్చి గుచ్చి అడిగినా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

చిన్నాయన కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇల్లు చేరాక అన్నాడు: "బండి కట్టురా. కర్నూలు పోదాం. పక్కన ఎవురు నిలబడినారో తెలీకుండా నేను బతకలేను."

ఒక కంటికి చూపు వచ్చింది. అప్పటి నుంచి మందపాటి అద్దాలు పెట్టుకుని రోజూ కంచె చుట్టూ తానే ముందు నడిచేవాడు. నేను వెనక. నాలుగడుగులకోసారి ఆగి, నా వెనక్కి చూసేవాడు. ఏమీ కనిపించలేదు. "ఆ చెయ్యి ఎట్లుండెరా?" అని పోయేదాకా అడిగాడు. వెచ్చగా, మామూలు మనిషి చెయ్యిలాగే ఉందనేవాణ్ణి. అది ఆయనకూ చాలలేదు, నాకూ చాలలేదు.

మీ నాయనే వచ్చి ఉంటాడని చిన్నమ్మ. భ్రమ అని మిత్రులు. భ్రమైతే హుసేన్ సాబు చూసిందెవర్ని? నాన్నే అయితే ఒక్క మాటైనా మాట్లాడకూడదా? తలుచుకున్నప్పుడల్లా నాకు మింగుడుపడనిది ఒకటే. కంచె చుట్టూ అంతసేపు నడిచాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తల తిప్పి చూడలేదు.