చేతికి పూనకం

తొంభైల్లో బహ్రెయిన్‌లోని బుదైయాలో, అరబ్బుల ఇంట్లో పనిచేసేదాన్ని. అక్కడి వంటమనిషి సత్తెమ్మక్కది మా కోనసీమే. పొద్దస్తమానం నన్ను తిట్టేది.

ఓ ఉదయం టీ గ్లాసులు తెస్తుంటే నా కుడిచెయ్యి దానంతటదే ఎగిరిపడింది! గ్లాసులన్నీ భళ్ళున పగిలాయి. ఎంత అదిమిపట్టినా చెయ్యి ఆగదే! సత్తెమ్మక్క నా కాళ్ళమీద పసుపునీళ్ళు పోసి, “తల్లీ, నాకు సెలవెప్పుడిప్పిస్తావు?” అంది.

“అమ్మవారు కాదక్కా, నేనే!” అని ఏడ్చాను. వింటేగా!

కేకలకు పరుగున వచ్చిన ఇంటి మేడమ్, “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ నన్ను కారెక్కించింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి లూపస్ అన్నారు. ఒంటిని కాపాడే శక్తే ఒంటిమీద తిరగబడుతుందట. చాలామందికి కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు దెబ్బతింటాయట. నాకేమో మెదడుని పట్టుకుని చేతిని ఆడించిందట, అలా జరగడం అరుదట!

ఎంత చెప్పినా సత్తెమ్మక్క నమ్మలేదు. నేను కనబడితే చాలు, దండం పెట్టేది.

మందులతో రెండు నెలలకి చెయ్యి కుదుటపడింది. ఆ రోజే అక్కకి నిండు గ్లాసు టీ అందించాను. చుక్క తొణకలేదు! ఒక గుక్క తాగి, “పంచదారేదే, చేతకాని మొహమా!” అంది.

రెండు నెలలు అందుకున్న దండాల్లో ఒక్కటీ ఆ తిట్టంత తియ్యగా లేదు.