ఆఖరి అంకె చీటీ

ఇన్నేళ్లుగా గుండె మీద ఒక బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. మోసం చేసి మొగుణ్ణి గెలుచుకున్నాను.

అరవైల చివర. శృంగవరపుకోటలో పంతులమ్మగా చేరిన కొత్త. క్రిస్మస్ సెలవులకు బడి మూసే రోజు మా హెడ్‌మిస్ట్రెస్‌గారు టీచర్లందరికీ ఒక ఆట పెట్టారు. తలా ఒక కానుక కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాలి. గిన్నెలోంచి అంకెలేసిన చీటీలు తీయాలి. అంకెల వరసన ఒక్కొక్కరూ లేచి ఓ పొట్లం విప్పాలి. తెచ్చినవాళ్లెవరో అప్పుడు చెప్పాలి. కొత్తది విప్పడం ఇష్టంలేకపోతే, ముందువాళ్ల చేతిలోది లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవాళ్లు బల్ల మీదున్న ఇంకోటి తీసుకోవాలి. ఆఖరి అంకె వచ్చినవాళ్లదే అదృష్టం. వాళ్లు లాక్కున్నది మళ్లీ ఎవరూ లాక్కోలేరు.

చీటీలు రాసే పని నాకు అప్పజెప్పారు. ఆఖరి అంకె చీటీ గిన్నెలో వెయ్యకుండా అరచేతిలో దాచేశాను. ఎందుకా? డ్రాయింగు మాస్టారు ఏం తెస్తే అది నాకు కావాలి. ఆయనంటే ఇష్టమని నా స్నేహితురాలు సుశీల, మా లెక్కల టీచరు, నాకొక్కదానికే చెప్పుకుంది. నాకూ ఇష్టమేనని నేను నోరు విప్పలేదు. సిగ్గా? కుళ్లా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సుశీల విప్పిన పొట్లంలో కుంకుమ భరిణె ఉంది. "నాదేనండీ" అన్నాడు మాస్టారు, పాపం అమాయకుడు. ఏ ఆడవాళ్లకి దక్కినా పనికొస్తుందనుకున్నాడట, అంతే. పెళ్లికాని మగాడి కుంకుమ భరిణె పెళ్లికాని పిల్ల చేతికొస్తే మా వైపు దాన్ని ఆటతో సరిపెడతారా? గొల్లున నవ్వారు. "ముహూర్తం ఎప్పుడే, సెప్పవే!" అని ఏడిపించారు. సుశీల ముఖం వెలిగిపోయింది.

నా వంతు వచ్చింది. లేచి తిన్నగా సుశీల దగ్గరికే వెళ్లాను.

"ఏటే, నిజంగా పట్టుకుపోతావేటి?" అంది.

"ఆటే కదే! ఆఖరి వంతు నాది. ఇలాగియ్యి."

"నాకిది కావాలే" అంది సుశీల, నాకొక్కదానికే వినబడేలా.

"నాకూ కావాలి" అన్నాను.

తీసేసుకున్నాను. అబ్బ, ఏం గెలుపది! ట్రైనింగు పాసైనప్పుడు కూడా అంత సంబరపడలేదు. బల్ల మీద మిగిలిన పొట్లం సుశీలకు దక్కింది. అది నేను తెచ్చిన చేతిరుమాలు.

నేను భరిణె లాక్కున్న కబురు మా మావయ్య చెవిన పడింది. ఆయన మాస్టారి ఇంటికెళ్లి సంబంధం మాట్లాడేశాడు. వేసవిలో పెళ్లయిపోయింది. సుశీల వచ్చి తలంబ్రాల పళ్లెం పట్టుకుంది. తర్వాత ఆమదాలవలస బడికి వెళ్లిపోయింది. ఒక్క ఉత్తరమైనా రాయలేదు.

సుఖపడ్డానా? పడ్డాను. అసలు చిక్కే అది. కష్టాలు పడి ఉంటే, చేసిన పాపం తీరిపోయిందని చెప్పుకునేదాన్ని. పొద్దున్నే ఆయన కాఫీ కలిపి తెస్తారు, నేను గొడవ పెట్టుకుంటే నవ్వేస్తారు, ఈ మనిషి నావాడు అని లోలోపల ఇప్పటికీ మురిసిపోతాను, అంతలోనే ఈ కాఫీ సుశీల తాగాల్సింది కదా అనిపిస్తుంది. అయినా తాగుతాను.

హమ్మయ్య, చెప్పేశాను. సుశీలా, నన్ను క్షమించమని మాత్రం అడగను. అడిగానంటే, ఆయన్ని తిరిగిచ్చెయ్యడానికి సిద్ధపడ్డట్టే కదా. ఇవ్వను.