అక్క మోకాలి కోసం ఒక తప్పు

నా గేమ్ కంట్రోలర్‌కు ఒక జబ్బు ఉండేది. ఆటలో కారు గోడను గుద్దితే అది వణకడం మొదలుపెట్టి, ఆట ముగిసినా ఆగేది కాదు. (జిగణి ఫ్యాక్టరీలో నేను నడిపిన గ్రైండింగ్ మిషనూ ఇంతే, దాని కథ వేరు.) ఈ రోజు కంప్యూటర్‌లో కంట్రోలర్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ తెరిచి, వణుకు ఆపే ఆదేశాన్ని సరిచేశాను. నేను మురిసిపోతుండగా అక్క కంట్రోలర్‌ను నొప్పి మోకాలికి ఆనించుకుని చూసి, వణుకు లేకపోయేసరికి ముఖం మాడ్చుకుంది.

“ఏమప్పా, దీన్ని చెడగొడితివా? దినామూ ఇది పెట్టుకునే కదా మెట్లు దిగతా ఉండా.”

“చెడగొట్టలేదక్కా, బాగుచేస్తిని.”

“నిన్నెవరు అడిగిరి?”

మళ్ళీ చెడగొట్టాను. ఇక రోజూ ఒకసారి ఆటలో కారుతో గోడను గుద్దడం నా విధి. ప్రోగ్రామ్‌లో మార్పు పక్కన కారణం రాయడం పద్ధతి కాబట్టి ‘అక్క మోకాలు’ అని రాశాను. ఇంతకంటే మర్యాదైన కారణం మీకు తోస్తే చెప్పండి.