ఇస్రాయేలు బొగ్గు మోటరు

పొద్దు పొడవక ముందే ఇస్రాయేలు తన ఖాకీ అంగీ విప్పి చంకలో పెట్టుకునేవాడు. దొరవారి మోటరు నడిపే మనిషికి ఊళ్లో ఉన్న గౌరవమంతా ఆ అంగీలోనే ఉంది. దాని మీద మరక పడకూడదు. ఆ వేళ అతని తల మీద పేడగంప ఉండేది. గంప అతని తల్లి సాలమ్మది. దొర ఉండే గడీ వాకిలి అలకను పేడ మోసుకుపోవడం, అలికినాక వడ్లు దంచడం ఆమె చేసే వెట్టి. ఆమె కుడిభుజం ఎప్పుడో పట్టేసింది, గంప తలకెత్తుకోలేదు. అందుకని కొడుకు గంప మోస్తూ ముందు, తల్లి దగ్గుతూ వెనుక, మాదిగవాడ నుంచి గడీ వెనుక దర్వాజా దాకా నడిచేవారు. మగవాళ్లు ఆ దర్వాజా దాటరాదు. అక్కడ గంప దించి తల్లి చేతికిచ్చి, తల కడుక్కుని, అంగీ తొడుక్కుని, ఇస్రాయేలు ముందు వాకిలి వైపు మోటరు కొట్టానికి పోయేవాడు.

దారిలో గొర్లు తోలుకుపోయే కురుమయ్య రోజూ ఆపి అడిగేవాడు.

"ఏం డ్రైవర్ సాబ్, గంపకు హారన్ వెట్టియ్యలేదా?"

"వెట్టిచ్చిననే. ఎనుక వస్తాంది, ఇనవడ్తలేదా?"

సాలమ్మ దగ్గు మధ్యలోనే నవ్వేది. "తల్లిని ఎక్కిరిస్తవారా, నీ నోరు పాడుగాను" అనేది. నవ్వితే దగ్గు ఇంకా పెరిగేది. అయినా నవ్వేది.

మా ఇప్పలగూడెం నల్లగొండ నుంచి దేవరకొండకు పోయే బాట పక్కన ఉంది. ఇస్రాయేలు తండ్రి మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. అతను పోయినాక పిల్లవాడిని మిషను పాదిరిగారు నల్లగొండ తీసుకుపోయి కొన్నాళ్లు చదివించారు. అక్కడి డ్రైవరు ఒకాయన, ఇప్పుడు పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు, ఈ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని మోటరు పని అంతా నేర్పాడు. అట్లా నేర్పమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇస్రాయేలు రోజూ ఇంజను మూత మీద చేయి పెట్టి ప్రార్థన చేసేటప్పుడు, తల్లి తరువాత ఆ మనిషినే తలుచుకునేవాడు.

జర్మనీ లడాయి ముదిరిన రోజులవి. పెట్రోలు దొరకడం కష్టమైంది. పట్నంలో బస్సులకు వెనుక ఇనుప డ్రమ్ములు కట్టి, వాటిలో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపిస్తున్నారని వార్త వచ్చింది. మా దొరకు మోటర్ల షౌకు ఎక్కువ. అటువంటి షౌకు ఉన్న దొరలూ సేట్లూ ఏడాదికొకసారి నల్లగొండ మైదానంలో కలిసేవారు. ఒకరు మోటరు పైకప్పు కోయించి తెచ్చేవారు, ఒకరు నెమలి మెడ రంగు వేయించి తెచ్చేవారు. దానిని మోటర్ల నుమాయిష్ అనేవారు. మా దొర పాత మోటరు ఒకటి కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకోను పడి ఉంది. ఈసారి నుమాయిష్‌కు దానినే బొగ్గు మోటరుగా మార్చి తీసుకుపోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది.

"అయితదారా?" అని ఇస్రాయేలును అడిగాడు.

ఇస్రాయేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందురోజే సాలమ్మ రోలు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. గడీలో వంట చేసే బక్కమ్మ ఎవరూ చూడకుండా కొంగు చాటున గంజి తెచ్చి తాగించి లేపిందట. ఆ గంజి సంగతి ఇస్రాయేలు గుండెలో ఉంది.

"అయితది దొరా. నీ బాంచెన్, ఒక్క మాట. మా అమ్మకు శాతనైతలేదు. ఆమెను గడీకి రాకుంట జేయున్రి."

దొర ఆ రోజు సంతోషంగా ఉన్నాడు. "బొగ్గు మీద నల్లగొండ దాక నడవాలె. మైదానంల అందరి ముంగట తిరగాలె. గట్లయితే ఆ దినం సంది మీ అమ్మ గడీకి రానక్కర లేదు. పో."

ఇస్రాయేలు ఇంటికి వచ్చి చెబితే సాలమ్మ నమ్మలేదు. అతని భార్య బిక్షమ్మ మాత్రం నమ్మింది. ఆమెకు అప్పుడు అయిదో నెల. "ఇగ నువ్వు మనుమన్ని ఎత్తుకోని గుడిసె ముంగట కూసో అత్తా" అంది.

డ్రమ్ము చేయవలసింది కమ్మరి లింగయ్య. ఇస్రాయేలు పాదిరిగారి దగ్గర ఒక పాత కాగితం మీద బొమ్మ చూసి వచ్చి, బొగ్గు ఎక్కడ మండాలో, గాలి ఎట్లా పోవాలో, గ్యాసు గొట్టంలో ఎట్లా చల్లబడాలో నేల మీద పుల్లతో గీసి చూపాడు. గీసింది కొలిమి పందిరి బయట. పందిరి లోపలికి అతని కులం వాళ్లు రారు. లింగయ్య లోపల నుంచి మెడ చాచి చూసేవాడు. దాహమైతే లింగయ్య భార్య నర్సింగమ్మ పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేది. పోసినన్నాళ్లూ ఆమె "ఇంక జర?" అని అడగకుండా చెంబు దించలేదు. అంతమాత్రం అడిగేవాళ్లు కూడా ఆ రోజుల్లో తక్కువే.

"మోటరుకు కొలిమి గడుతున్నం ఇస్రాయేలూ" అనేవాడు లింగయ్య. "రేపు ఎడ్లకు ఇంజను గట్టుమంటడు మీ దొర."

"నువ్వుంటే గదిగూడ అయితది మామా."

"పొగుడు, పొగుడు. పొగిడితే రేకు మెత్తవడ్తదా?"

రేకు మెత్తబడలేదు కానీ కాలిపోయింది. నుమాయిష్ ముందు అమావాస్య పడింది. అమావాస్య తెల్లారి బయలుదేరాలి. అమావాస్య ముందటి రోజు పొద్దున డ్రమ్ములో తుమ్మ బొగ్గు నింపి నిప్పు పెట్టి చూశారు. ఇంజను పట్టుకుంది. ఊరు ఊరంతా ఉరికి వచ్చింది. ఇస్రాయేలు కళ్ల నీళ్లు తుడుచుకుంటుండగానే డ్రమ్ము అడుగు ఎర్రబడి, కరిగినట్టు జారి, నిప్పులు నేల మీద పడ్డాయి. రేకు పల్చన. ఆ వేడికి ఆగలేదు.

లింగయ్య వెంటనే లేచాడు. పాత ఇనుప మోట బొక్కెన ఒకటి తెచ్చి, దాని మందపు ఇనుమును సాయంత్రం దాకా కోసి గుండ్రంగా చేశాడు. ఇక అంచు వంచాలి, డ్రమ్ముకు బిగించాలి. అంతలో పొద్దు గూకింది. లింగయ్య సుత్తె కింద పెట్టాడు.

"ఇగ రేపు కొలిమి అంటియ్య. నీకెరికే గద."

ఇస్రాయేలుకు తెలుసు. లింగయ్య తండ్రి ఒక అమావాస్య నాడు ఎవరో బతిమాలితే నాగటి కర్రు కాల్చాడు. నిప్పురవ్వ ఎగిరి కన్ను పోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అమావాస్య నాడు సుత్తె పట్టరు.

"ఎరికే మామా. నేనడగ" అన్నాడు ఇస్రాయేలు. ఆ రాత్రి అతను తల్లికి ఏమీ చెప్పలేదు.

అమావాస్య పొద్దున గంప దించి, కొట్టానికి పోక, కొలిమి ముందుకు వచ్చి ఊరికే నిలబడ్డాడు. ఎందుకు వచ్చాడో అతనికే తెలియదు. నర్సింగమ్మ వాకిలి ఊడుస్తున్నది. అతని మొహం చూసి చీపురు ఆపింది.

"అమావాస్య మనకు గని, ఆయనకేంది?" అంది మొగుడితో. "వాండ్లు ఏసు ప్రభువును మొక్కెటోల్లు."

"అంటే?" అన్నాడు లింగయ్య.

"అంటే ఏంది? కొలిమి ఉన్నది, ఆయనకు చేతులున్నయి."

"లోపటికి రమ్మంటవా?"

"నేనేమంట? సాలమ్మ వడ్లు దంచలేక పడిపోయింది, నేనేమన్న అంటున్ననా?" అని ఆమె మళ్లీ ఊడవసాగింది.

లింగయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత లేచి, పందిరి బయట ఇస్రాయేలు రోజూ నిలబడే చోటికి వచ్చి, కొలిమికి వీపు పెట్టి రాయి మీద కూర్చున్నాడు.

"నేను సూడ" అన్నాడు. "సూస్తే చేసినట్టే. నువ్వు వోయి కొట్టు. సప్పుడును బట్టి జెప్త."

ఇస్రాయేలు చెప్పులు విప్పి, గుడిలోకి పోయినట్టు తల వంచి లోపలికి పోయాడు. కబురు పంపితే బిక్షమ్మ వచ్చి తిత్తి ఊదింది. ఆ పొద్దంతా లింగయ్య వీధి వైపు చూస్తూ అరుస్తూనే ఉన్నాడు.

"గట్ల గాదు, అది ఇనుము, మీ దొర తలకాయ గాదు, జర మెల్లగ! ఆ... గిప్పుడు ఒత్తి కొట్టు. సల్లవడ్డది, మల్ల నిప్పులవెట్టు. సప్పుడు మారింది ఇనవడ్తలేదా? అమ్మా బిక్షమ్మా, నువ్వు అలసిపోతున్నవు, తిత్తి గస పెడుతున్నది, జర కూసో."

దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగి వింతగా చూశారు. "కమ్మరాయన బయట, మాదిగాయన లోపట, ఏం కాలమొచ్చెరా" అన్నాడొకడు. "నీ నాగలి మొద్దువారినప్పుడు గీ మాట యాదిజేస్త పో" అన్నాడు లింగయ్య. ఆ మాటతో వాడు నడక సాగించాడు. మాపటికి అంచు వంగింది, అడుగు బిగిసింది. సందులకు ఒండ్రుమట్టి మెత్తాడు ఇస్రాయేలు. బయటికి వచ్చి లింగయ్య కాళ్లకు మొక్కబోతే ఆయన వెనక్కి జరిగి, "మొక్కకు, నాకు పాపం తగుల్తది. ముందుగాల ఇంటికి వొయి బిక్షమ్మకు ఇంత బువ్వ వెట్టు" అన్నాడు.

మర్నాడు మోటరు బొగ్గు మీదే నల్లగొండ చేరింది. దారిలో మట్టి ఎండి పగులు పెట్టి పొగ కక్కింది. ఇస్రాయేలుకు తల తిరిగి వాంతి వచ్చింది. దిగి మళ్లీ మట్టి మెత్తి, ఎక్కాడు. మైదానం చుట్టూ మోటరు తిరుగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఒక సేటు వచ్చి డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాడు. మా దొర మొహం వెలిగిపోయింది.

డ్రైవర్లు అందరూ ఒక గోడ నీడలో చేరారు. కొత్తకోట నుంచి వచ్చిన దశరథం అనే డ్రైవరు నవ్వుతూ పిలిచాడు.

"ఏందన్నా, మోటరు తెచ్చినవా, అత్తగారింటి పొయ్యి తెచ్చినవా?"

"పొయ్యే. బువ్వ వండుకోని తినొచ్చు."

"తింటందుకు నా దగ్గర రొట్టెలున్నయి, రా, కూసో." దశరథం జరిగి పక్కన జాగా ఇచ్చాడు. ఇస్రాయేలు కొంచెం దూరంగా కూర్చోబోతే చేయి పట్టి దగ్గరికి లాగాడు. రొట్టె తుంచి చేతిలో పెట్టాడు. "మా సేటుకు బస్సులున్నయి. అన్నిటిని బొగ్గు మీద తిప్పాలని ఒకటే రంధి. నీ డ్రమ్ము సూసిండు గద, గసొంటి మిస్త్రి దొరికితే ఇల్లు గూడ ఇస్తనంటాండు. మా కాడ వెట్టి గిట్టి లేదు. రేపు సేటు పట్నం పోతడు, నేను ఖాళీ మోటరు తీస్కోని దేవరకొండ మీదికెల్లి పోవుడే."

"మా దొర ఇడువడు తమ్మీ" అన్నాడు ఇస్రాయేలు. "అయినా గిప్పుడు నాకు ఫికర్ లేదు. రేపటి సంది మా అమ్మకు వెట్టి లేదు." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు బాగా పలికిందట.

సాయంత్రం దొర మైదానం నుంచి బయటికి రాగానే ఇస్రాయేలు ఎదురుపోయి వంగి నిలబడ్డాడు.

"దొరా, మా అమ్మ ముచ్చట..."

"మాటంటే మాటే" అన్నాడు దొర. నిజంగానే దయగా అన్నాడు. "మీ అమ్మ ఇగ రానక్కర లేదు. మేం ఇంక రెండు రోజులు ఈడనే ఉంటం గద, ఊళ్లె కబురువెట్టిన. పొద్దుగాల సంది నీ పెండ్లాం వస్తది."

ఇస్రాయేలుకు వెంటనే అర్థం కాలేదు.

"దొరా, అది ఒట్టి మనిషి గాదు."

"అయితే ఏందిరా? మీ అమ్మ నిన్ను కడుపుల వెట్టుకోని దంచలేదా? వెట్టి ఇంటికిరా, మనిషికి గాదు. నువ్వు మీ అమ్మను ఇడువుమన్నవు, ఇడిసిన."

దొర చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఇస్రాయేలు అడిగింది తల్లినే. ఇల్లు అని అడగాలని అతనికి తోచలేదు. తను పుట్టినప్పటి నుంచి తమ ఇంట్లో ఆ దర్వాజా దాటి లోపలికి పోయింది తల్లి ఒక్కతే కాబట్టి, వెట్టి అంటే తల్లే అనుకున్నాడు.

అతను డ్రమ్ము దగ్గరికి పోయి చల్లారిన బూడిద తీశాడు. తీయవలసిన పని లేదు, అయినా తీశాడు. ఇంజను మూత మీద చేయి పెట్టాడు. ఏం ప్రార్థన చేశాడో దేవునికే ఎరుక. తరువాత తన మోటరు తుడుచుకుంటున్న దశరథం దగ్గరికి నడిచాడు.

"తమ్మీ, పొద్దుగాల నీ మోటరు ఖాళీగ పోతదంటివి గద."

"పోతది. ఏందన్నా, గట్లున్నవు?"

"మా ఇప్పలగూడెం నీ తొవ్వలనే ఉన్నది. జర చీకటి ఉండంగనే పో. గడీ ముంగట ఆపకు, ఊరవుతల వాగు దాటినంక ఆపు. కమ్మరి లింగయ్య అని అడుగు, ఇస్రాయేలు పంపిండని చెప్పు. ఆయన మా అమ్మను, నా పెండ్లాన్ని వాగు కాడికి తోలుకొస్తడు. ఇద్దరిని కొత్తకోటకు తీస్కపో. నేను దొరను గడీల దించి, నడిచి అయిన వస్త." దశరథం చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. "ఇంకొక్కటి తమ్మీ. మా అమ్మ ఎన్నడు మోటరు ఎక్కలేదు. నేనెన్నడు ఎక్కియ్యలేదు. బుగులు వడ్తది. ఆమెను ఎనుక కూసోవెట్టకు. ముంగట, నీ పక్కన కూసోవెట్టు."