నాకు దక్కిన మామూలు మోతాదు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, సాక్ష్యం చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు, మా సంగతులు గుమ్మం దాటేవి కావు. పాస్టరు అయ్యగారు చెప్పమన్నారు కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఈ మందిరం మా తాతగారిచ్చిన స్థలంలో కట్టారు. ఆయన పొలాలు ఇప్పుడు మావి కావు, నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో గుమాస్తాని. మీరంతా చాపల మీద కూర్చుంటే మా ఇంటి పెద్దకి ముందు వరసలో టేకు కుర్చీ వేసే ఆచారం మాత్రం మిగిలింది. మీరు మోకరించి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటారు, నాకు కుర్చీ దగ్గరికే వస్తుంది.

కొన్నేళ్ల కిందట పొద్దున్నే నా నడుం బిగుసుకుపోవడం మొదలైంది, లేచి తిరిగితే వదిలేది, క్రమంగా వదలడం మానేసింది, పక్కకు చూడాలంటే మనిషిని మొత్తం తిరగవలసి వచ్చేది. నా భార్య సుగుణ ఆస్పత్రికి వెళదామంటే నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే మా తాతగారూ అలాగే నిటారుగా ఉండేవారు, ఆయన ఎవరి ముందూ నడుం వంచలేదని ఊరంతా చెప్పుకునేది, ఆ ఠీవే నాకూ వచ్చిందనుకున్నాను.

ఒక ఆదివారం మన మరియమ్మగారు నా పక్కనుంచి వెళుతూ, "బాబుగారూ, ప్రభువు ముందైనా కాస్త వంగరాదా?" అన్నారు. వంగలేకపోతున్నానని ఆవిడకు చెప్పలేదు. మర్నాడు సుగుణతో విజయవాడలో కీళ్ల డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాను.

"ఇది వెన్నెముక కీళ్లలో వాపండీ. వదిలేస్తే ఎముకలు అతుక్కుపోతాయి, ఆ తర్వాత ఏ మందుకీ వంగవు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

"వాళ్ల తాతగారికండి," అంది సుగుణ. "ఈయన దాన్ని వంశపు ఠీవి అంటారు."

డాక్టరుగారు నవ్వలేదు. "అదీ ఈ జబ్బే అయ్యుండొచ్చు," అన్నారు.

రక్త పరీక్షలో విటమిన్ డి అడుగంటింది. "కృష్ణా జిల్లాలో ఎండకి కరువాండీ?" అని అడిగారావిడ.

"ఈయన గొడుగు లేకుండా గడప దాటరండి. ఎండ కూలివాళ్లకట," అంది సుగుణ.

వాపుకి మందులు, వ్యాయామం ఎలాగూ మానకూడదట. వాటితో పాటు విటమిన్ డి ఎక్కువ మోతాదులో ఇస్తే వాపు ఇంకా తగ్గుతుందేమోనని ఒక పరిశోధన జరుగుతోంది, చేరతారా అని అడిగారు. "తగ్గుతుందో లేదో తెలియదు, అందుకే పరిశోధన. కొందరికి మామూలు మోతాదు, కొందరికి ఎక్కువ, చీటీ తీసినట్టు పడుతుంది, ఎవరికేదో నాకూ తెలియదు. మీ అంతట మీరు కొనుక్కుని ఎక్కువ మింగితే మాత్రం కిడ్నీలు పాడవుతాయి."

చేరాను. మోకరించలేను కనుక గోడకు ఆనుకుని నిలబడి ప్రార్థించాను: "ప్రభువా, మా తాతగారు నీకు స్థలమిచ్చారు. ఆ ఎక్కువ మోతాదు నాకు పడనివ్వు, ఈ నడుం రాయి కాకముందే." అడగడం కూడా మా ఇంటి పద్ధతిలోనే అడిగాను.

నెలలు గడిచాయి. మందులు వేసుకుంటూ, గొడుగు ఇంట్లో వదిలి, మేడ మీద పొద్దుటెండలో వ్యాయామం చేస్తూ ఉండగా, ఒకరోజు నా చెప్పుల పట్టీ నేనే పెట్టుకున్నాను. ఎక్కువ మోతాదు నాకే పడిందనుకున్నాను, అందులో వింతేమీ కనబడలేదు.

పరిశోధన ముగిశాక డాక్టరుగారు చెప్పారు, నాకు పడింది మామూలు మోతాదేనట.

"మరి ఎలా తగ్గిందండీ?"

"మందులు పనిచేశాయి, వ్యాయామం మానలేదు, విటమిన్ లోటు తీరింది. దేనివల్ల ఎంతో విడదీసి చెప్పలేనండీ."

ఆవిడ విడదీయలేనన్న దాన్ని నేను దేవుని కృప అంటాను. నేను ప్రత్యేకంగా అడిగింది ఆయన ఇవ్వలేదు, అందరికీ ఇచ్చేదే నాకూ ఇచ్చాడు, అది సరిపోయింది. జబ్బు పూర్తిగా పోలేదు, మందులు సాగుతున్నాయి. నిన్న ఇంట్లో మోకరించి చూశాను, నుదురు నేలకి జానెడు ఎత్తులో ఆగింది.

సహోదరులారా, మీ బాధకి ఏదో గొప్ప పేరు పెట్టి దాచుకోకండి, డాక్టరుకు చూపించండి, ప్రభువుకు చెప్పండి, ఆయన అందరికీ పంచేదాన్ని నమ్మండి. దేవునికే మహిమ.

మోకాళ్ల నొప్పులని ఈ ఉదయం మా కుర్చీలో మరియమ్మగారిని కూర్చోబెట్టాను. "ఇంత గట్టి చెక్క మీద ఇన్నాళ్లు ఎలా కూర్చున్నారు బాబూ?" అని అడుగుతున్నారావిడ. ఇక బల్లకు వేళయింది. కాస్త జరిగి, చాప మీద నాకూ చోటివ్వండి.